ఊపిరితిత్తులు ఎక్కడున్నాయి? వేలితో తడిమి తెలుసుకోవాలనుకునేవారి ప్రశ్నలు, జవాబులు

విశాఖపట్నంలో ఎంబీబీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ మొదటి ఏడాది పిల్లలకి అనాటమీ చెప్పే పని నాది. ఏటా అవే ప్రశ్నలు వస్తాయి. కొన్ని క్లాసులో, కొన్ని వైవాకి (నోటి పరీక్షకి) ముందురోజు రాత్రి ఫోన్‌లో, కొన్ని పొద్దున్నే బీచ్‌రోడ్డు మీద నాతోపాటు నడిచే పెద్దవాళ్ళ నుంచి. విడివిడిగా చెప్పీ చెప్పీ, ఒకచోట రాసిపెడితే పోతుందనిపించింది. చదివేటప్పుడు ఒక చెయ్యి ఖాళీగా ఉంచుకోండి. ఇది కళ్ళకన్నా వేళ్ళకి త్వరగా వంటబట్టే చదువు.

ఊపిరితిత్తులు ఎక్కడున్నాయో చూపించమంటే చెయ్యి ఎక్కడ పెట్టాలి?

ఎవరిని అడిగినా ఛాతీ నడిమధ్యలో అరచెయ్యి పెడతారు. అక్కడ చేతికి తగిలేది రొమ్ము ఎముక, దాని వెనక ఎక్కువ భాగం గుండె. ఊపిరితిత్తులు దానికి అటూ ఇటూ ఉంటాయి. అదీ మనం అనుకున్నదానికన్నా పైకి, అనుకున్నదానికన్నా వెనక్కి.

ముందు పైకి సంగతి చూడండి. కాలర్ బోన్‌ని మూడు భాగాలు చేస్తే, గొంతు వైపున్న భాగానికి పైన ఒక గుంట ఉంటుంది. ఊపిరితిత్తి పై కొన ఆ గుంటలోకి, అంటే కాలర్ బోన్ దాటి 2.5 నుంచి 4 సెంటీమీటర్ల పైకి వస్తుంది. మెడలో ఉన్నట్టే లెక్క. అక్కడ వేలు ఆనించి గట్టిగా దగ్గండి. సన్నటి మనుషులకి లోపలి నుంచి ఏదో తోసినట్టు తెలుస్తుంది.

ఇక కింది అంచు. ముందువైపు అది ఆరో పక్కటెముక దగ్గరే ఆగిపోతుంది. వీపు వైపు పదో ఎముక దాకా దిగుతుంది. అంచు వాలుగా ఉంటుందన్నమాట, వెనక బాగా కిందికి. ముందు నుంచి చూసి ఊపిరితిత్తిని కొలిచినవాడు సగమే చూసినట్టు.

ఆ పేరు ఎలా వచ్చింది?

తిత్తి అంటే తోలు సంచి. కొలిమి దగ్గర కమ్మరి ఊదే తిత్తి గుర్తుందా? దాన్ని విప్పితే గాలి లోపలికి వస్తుంది, నొక్కితే పోతుంది. మన ఊపిరీ అంతే. ఊపిరితిత్తి తనంతట తాను గాలి లాగదు, దానికి ఆ కండ లేదు. కింద డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య గోడలా ఉండే కండ) దిగి, పక్కటెముకలు పైకి లేచి ఛాతీ గది పెద్దదైతే గాలి దానంతట అదే చేరుతుంది. పేరు పెట్టినవాళ్ళెవరో గాని, పనితీరు చూసే పెట్టారు. ఒక్క తేడా: కొలిమి తిత్తి లోపల ఖాళీ. ఇది స్పాంజిలా ఉంటుంది. లోపల 30 కోట్లకి పైనే వాయుగోణులు (బుల్లి గాలి సంచులు), వాటి గోడలన్నీ పరిస్తే 70 చదరపు మీటర్ల పైచిలుకు. ఒక మాదిరి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ నేల అనుకోండి.

పక్కటెముకలు లెక్కపెట్టబోతే ప్రతిసారీ తప్పుతున్నాను. ఏం చెయ్యాలి?

పైనుంచి ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నారు కాబట్టి తప్పుతున్నారు. మొదటి ఎముక కాలర్ బోన్ కింద దాక్కుని ఉంటుంది, చేతికి సరిగ్గా చిక్కదు. అందుకే రెండోదాని నుంచి మొదలుపెట్టాలి.

గొంతు కింద, రెండు కాలర్ బోన్‌ల మధ్య గుంట మీద చూపుడువేలు పెట్టండి. రొమ్ము ఎముక మీదుగా నెమ్మదిగా కిందికి జార్చండి. సుమారు 5 సెంటీమీటర్లు దిగాక అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. దాన్ని స్టెర్నల్ యాంగిల్ అంటారు, లూయీ కోణం అని కూడా. అక్కడి నుంచి వేలిని పక్కకి జరిపితే తగిలేదే రెండో పక్కటెముక. దాని కింద సందు రెండో సందు. ఇక మూడు, నాలుగు అంటూ దిగండి. మరీ రొమ్ము ఎముక అంచునే పట్టుకుని దిగితే కింద ఎముకలు ఒకదానికొకటి అతుక్కుని గందరగోళపెడతాయి, కాబట్టి రెండు వేళ్ళ దూరం పక్కకి జరిగి, కొంచెం ఏటవాలుగా దిగండి.

నా దృష్టిలో ఛాతీ మొత్తానికి ఇంత పనికొచ్చే గుర్తు ఇంకోటి లేదు. జగదాంబ జంక్షన్ తెలిస్తే పాత ఊరికి దారి తెలిసినట్టే. ఆ గట్టుకి సూటిగా వెనక్కి వెళితే వీపులో నాలుగు, ఐదు వెన్నుపూసల మధ్యకి చేరతాం. గాలిగొట్టం రెండుగా చీలేది ఆ ఎత్తులోనే, బృహద్ధమని వంపు మొదలయ్యేదీ ముగిసేదీ ఆ ఎత్తులోనే. చీలిక మాత్రం నిలబడి గట్టిగా ఊపిరి పీల్చితే ఇంకొంచెం కిందికి దిగుతుంది.

లావుగా ఉన్నవాళ్ళకి కూడా ఈ గట్టు దొరుకుతుంది. అక్కడ కొవ్వు పెద్దగా పేరుకోదు.

వీపు మీద ఏ గుర్తులు పట్టుకోవాలి?

మూడు చాలు. తల వంచితే మెడ అడుగున పొడుచుకొచ్చేది మెడలో ఏడో వెన్నుపూస. చేతులు కిందికి వదిలేసి నిలబడితే, భుజం రెక్క ఎముక మీద అడ్డంగా ఉండే గట్టు లోపలి చివర వీపులో మూడో వెన్నుపూస ఎత్తులో ఉంటుంది. అదే రెక్క కింది కొన వీపులో ఏడో వెన్నుపూస ముల్లు (వెనక్కి పొడుచుకొచ్చే కొన) ఎత్తులో. చేతులు ఎత్తితే రెక్క తిరిగిపోతుంది, లెక్క మారిపోతుంది. పరీక్షలో ఇది మరిచిపోయి చేతులు కట్టుకున్న మనిషి మీద గీతలు గీసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

6-8-10, 8-10-12 అని బట్టీ పట్టిస్తారు. ఏమిటవి?

ఛాతీ మీద మూడు నిలువు గీతలు ఊహించుకోండి. ఒకటి కాలర్ బోన్ మధ్య నుంచి కిందికి. రెండోది చంక మధ్య నుంచి. మూడోది వీపు మీద, వెన్నుకి పక్కన. మామూలుగా ఊపిరి తీసుకుంటున్న మనిషిలో ఊపిరితిత్తి కింది అంచు ఈ గీతల్ని వరసగా 6, 8, 10 పక్కటెముకల దగ్గర దాటుతుంది. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర, అదే ప్లూరా, 8, 10, 12 దగ్గర దాటుతుంది. ఎక్కడ చూసినా రెండెముకల తేడా.

అంకెలు బట్టీ పట్టడం మీద నాకు కోపమేమీ లేదు. ఆ రెండెముకల మేర ఏముంటుందో అడిగితే నోరు తెరవకపోవడం మీదే.

సరే, ఆ రెండెముకల మేర ఏముంటుంది?

ఏమీ ఉండదు. అదే దాని గొప్ప.

ప్లూరా రెండు పొరలు. ఒకటి ఊపిరితిత్తిని అంటిపెట్టుకుని ఉంటుంది, ఇంకోటి ఛాతీ గోడ లోపలివైపు. మధ్యలో నాలుగు చుక్కల తడి. కింద డయాఫ్రమ్, పక్కటెముకలు కలిసే మూలలో గోడ పొర దిగినంత లోతుకి ఊపిరితిత్తి దిగదు. ఆ మూల ఖాళీగా మడతపడి ఉంటుంది. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు ఊపిరితిత్తి అందులోకి జారుతుంది, మామూలప్పుడు డయాఫ్రమ్ కదిలేది 1 నుంచి 2 సెంటీమీటర్లే అయినా బాగా పీల్చి వదిలితే 6 నుంచి 10 దాకా పోతుంది కాబట్టి ఆ చోటు అవసరం.

పెద్దవాళ్ళు ‘నెమ్ము చేసింది, నీరు పట్టింది’ అంటారే, ఆ నీరు ముందు చేరేది ఈ మూలలోనే. పల్లంలోకే కదా నీరు పోయేది. నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే మామూలుగా కత్తిమొనలా వాడిగా కనబడాల్సిన మూల మొద్దుబారి కనబడుతుంది. డాక్టరు వెనకనుంచి సూది పెట్టి నీరు తీసేదీ సాధారణంగా ఇక్కడే. రోగిని కూచోబెట్టి, ముందున్న బల్ల మీదికి వాల్చి, రెక్క ఎముక కింది కొన దిగువన ఏడు నుంచి తొమ్మిదో ఎముక లోపల చూస్తారు. తొమ్మిదో ఎముక దాటి కిందికి పోతే డయాఫ్రమ్‌కి, దాని కిందనున్న కాలేయానికో ప్లీహానికో తగిలే ప్రమాదం. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌తో చూసి మరీ చేస్తున్నారు, మంచిదే.

ఇందులోనే ఇంకో చిన్న మర్మం. సూది ఎప్పుడూ కింది ఎముక పై అంచుని ఆనుకుని వెళ్ళాలి. పై ఎముక కింది అంచులో ఒక గాడి ఉంటుంది, అందులో పైనుంచి కిందికి సిర, ధమని, నరం దాక్కుని ఉంటాయి. దాన్ని గీరితే రక్తం.

పన్నెండో ఎముక దగ్గర మూత్రపిండాల సర్జన్లకీ ఈ పొర భయం ఉంది. కొందరిలో పన్నెండో ఎముక మరీ పొట్టిగా ఉంటుంది, చేతికి తగలదు. పదకొండోదాన్నే పన్నెండు అనుకుని కోస్తే నేరుగా ప్లూరా తెరుచుకుంటుంది. ఎముకలు సరిగ్గా లెక్కపెట్టమని నేను పోరేది ఇందుకే.

కుడివైపు మూడు లోబ్‌లు, ఎడమవైపు రెండే ఎందుకు?

లోబ్ అంటే ఊపిరితిత్తిలో ఒక పెద్ద భాగం. గుండె ఎడమకి ఒరిగింది, చోటు తగ్గింది అని చెప్పడం ఆనవాయితీ. అది పూర్తి కారణం కాదు గాని గుర్తుకి పనికొస్తుంది. కుడిది కొంచెం బరువు, వెడల్పు ఎక్కువ. కాలేయం కిందనుంచి తోస్తుంది కాబట్టి కొంచెం పొట్టి. ఎడమదానికి ముందు అంచులో గుండె కోసం ఒక కొరుకు ఉంటుంది, దాని కింద నాలుకలా సాగిన భాగం లింగులా. కుడివైపు మధ్య లోబ్‌కి ఎడమవైపు జోడీ ఇదే.

ఈ అయిదు లోబ్‌ల లెక్క మన ఇళ్ళల్లోకి కరోనా రోజుల్లో వచ్చేసింది. ‘మావాడికి స్కోరు 25కి 14 అట’ అని వీధి చివర మాట్లాడుకున్నాం కదా. ఆ 25 ఎక్కడిదని అప్పుడెవరూ అడగలేదు. అయిదు లోబ్‌లు, ఒక్కోదానికి సిటి స్కాన్‌లో ఎంత మేర దెబ్బతిందో చూసి 0 నుంచి 5. అయిదైదులు ఇరవై అయిదు. అంతే.

లోబ్‌ల మధ్య గీతల్ని బయటనుంచి గీయగలమా?

గీయగలం, సులువే. కుడి చెయ్యి ఎత్తి నెత్తి మీద పెట్టుకోమనండి. రెక్క ఎముక తిరిగి, దాని లోపలి అంచు వాలుగా వస్తుంది. ఆ వాలే దాదాపుగా పెద్ద ఫిషర్ (రెండు లోబ్‌ల మధ్య చీలిక) వాలు. వీపులో మూడో వెన్నుపూస ముల్లు దగ్గర మొదలై, చంక కింద అయిదో ఎముకని దాటుకుని, ముందు ఆరో ఎముక మృదులాస్థి దగ్గర ముగుస్తుంది. ఎడమవైపూ ఇదే.

కుడివైపు రెండో ఫిషర్ అడ్డంగా ఉంటుంది. నాలుగో మృదులాస్థి నుంచి బయల్దేరి చంక మధ్య గీత మీద పెద్ద ఫిషర్‌ని కలుస్తుంది. మగవాళ్ళలో చనుమొన సాధారణంగా నాలుగో సందులో ఉంటుంది కాబట్టి గీత దాదాపు అదే ఎత్తులో పోతుంది. ఆడవాళ్ళలో చనుమొనని గుర్తుగా పెట్టుకోవడం కుదరదు, ఎముకలే లెక్కపెట్టాలి.

డాక్టర్లు స్టెతస్కోప్ వీపు మీద అన్నిసార్లు ఎందుకు పెడతారు?

ఇప్పుడు గీసిన గీతలు చూస్తే జవాబు దొరుకుతుంది. పెద్ద ఫిషర్ వెనక బాగా పైన మొదలై ముందు బాగా కింద ముగుస్తోంది. అంటే ముందువైపు వినబడేది ఎక్కువగా పై లోబ్, కుడివైపు నాలుగు నుంచి ఆరో ఎముక దాకా మధ్య లోబ్. వీపు మీద, మూడో వెన్నుపూస కింద అంతా కింది లోబ్. చొక్కా బొత్తాలు రెండు విప్పించి ముందు మాత్రమే విన్నవాళ్ళు కింది లోబ్‌ని దాదాపు వినలేదనే లెక్క. న్యుమోనియా తరచుగా వచ్చే చోటు అదే. మధ్య లోబ్ సంగతి దీనికి తలకిందులు, వీపు మీద ఎంత వెతికినా దొరకదు.

వీపు మీద ఒకచోట కండలు పల్చగా ఉండి చప్పుడు ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. రెక్క లోపలి అంచు, ట్రపీజియస్, లాటిస్సిమస్ డోర్సై అనే రెండు కండలు కలిసి చేసే చిన్న త్రికోణం. రోగిని తనని తాను కౌగలించుకున్నట్టు చేతులు ముందుకి చుట్టుకోమంటే రెక్కలు పక్కకి జరిగి అది విచ్చుకుంటుంది.

కరోనా వార్డుల్లో బోర్లా పడుకోమన్నదీ ఈ కొలతతోనే ముడిపడింది. వెల్లకిలా పడుకుంటే గుండె బరువు, పొట్ట బరువు అంతా వెనకవైపు ఊపిరితిత్తి మీద పడుతుంది. ఎక్కువ ఊపిరితిత్తి ఉన్నదేమో అక్కడే. బోర్లా తిప్పితే అది తెరుచుకుంటుంది.

చిన్నపిల్లలు మింగిన గింజ కుడివైపే ఎందుకు పోతుంది?

గాలిగొట్టం పొడవు 10 నుంచి 11 సెంటీమీటర్లు. అది చీలాక కుడి కొమ్మ వెడల్పుగా, సుమారు 2.5 సెంటీమీటర్ల పొట్టిగా, దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. ఎడమ కొమ్మ గుండె మీదుగా పోవాలి గనక సన్నగా, 5 సెంటీమీటర్ల పొడుగ్గా, పక్కకి వాలి ఉంటుంది. జారిపడ్డ వస్తువు తిన్నగా ఉన్న దారే పడుతుంది. మరీ పసిపిల్లల్లో ఈ తేడా తక్కువ, వాళ్ళలో ఎడమకీ పోవచ్చు.

సీతాఫలాల రోజుల్లో, సాయంత్రాలు బీచ్‌లో మూరి మిక్చర్ పొట్లాలు చేతికిచ్చినప్పుడు కాస్త చూసుకోండి. పల్లీ, సీతాఫలం గింజ, చింతపిక్క లాంటివి నాలుగేళ్ళ లోపు పిల్లల చేతిలో పడకూడదు. పిల్లాడు పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తట్టి ఊరుకుంటాం. గట్టిగా దగ్గి, తర్వాత మామూలుగా ఆడుకుంటున్నా సరే, గింజ లోపల ఉండిపోయి వారాల తరబడి దగ్గు, ఒకవైపే పిల్లికూతలు రావచ్చు. తినేటప్పుడు పొలమారిన సంగతి డాక్టరుతో చెప్పడం మరవకండి. ఆ ఒక్క మాటతోనే చాలాసార్లు జబ్బు దొరుకుతుంది.

పడుకున్న మనిషి వాంతి లోపలికి పీల్చుకుంటే అది కుడి కింది లోబ్ పై సెగ్మెంట్‌లోకి చేరడం ఎక్కువ. దాని దారి వెనక్కి తెరుచుకుంటుంది, వెల్లకిలా ఉన్నప్పుడు అదే పల్లం.

వేళ్ళతో తట్టి చూడడం ఇంకా అవసరమా? స్కాన్‌లున్నాయి కదా.

బియ్యం డబ్బా ఎంతవరకు నిండిందో మూత తీయకుండా తట్టి చెప్పే అమ్మలున్న ఇళ్ళు మనవి. దీన్ని వైద్యంలోకి తెచ్చినవాడు ఆస్ట్రియాకి చెందిన లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్. 1761లో ప్రచురించాడు. తండ్రికి సత్రం ఉండేది, పీపాలో సారా ఎంత ఉందో తట్టి చూడడం అక్కడే చూసి ఉంటాడని చెప్తారు. ఫ్రాన్స్‌లో లెనెక్ కాగితం చుట్టి మొదటి స్టెతస్కోప్ చేసుకున్నది 1816లో. అంటే స్టెతస్కోప్‌తో వినడం కన్నా తట్టడమే పాతది.

గాలి ఉంటే గుల్లగా మోగుతుంది. నీరుంటే రాయిని తట్టినట్టు. కుడివైపు కాలర్ బోన్ మధ్య గీత మీద పైనుంచి తట్టుకుంటూ రండి, అయిదో సందు దగ్గర చప్పుడు మొద్దుబారుతుంది. అక్కడ కాలేయం మొదలైంది. బాగా పొగతాగి ఊపిరితిత్తులు ఉబ్బిపోయినవాళ్ళలో ఈ హద్దు ఇంకా కిందికి జారుతుంది. స్కాన్ గది దాకా వెళ్ళకుండానే ఇంత తెలుస్తుంటే తట్టకపోవడం నా మట్టుకు బద్ధకం.

ఎక్స్‌రేలో ‘లోయర్ జోన్’ అంటే కింది లోబ్ అనేనా?

కాదు. ఈ పొరపాటు డిగ్రీ చేతికొచ్చాక కూడా చేస్తారు. జోన్‌లు ఫిలిం మీద అడ్డంగా మూడు పట్టీలు, చూడ్డానికి వీలుగా మనం గీసుకున్నవి. లోబ్‌లు వాలుగా ఉంటాయి. మధ్య జోన్‌లో కనబడిన మచ్చ వెనకనున్న కింది లోబ్‌ది కావచ్చు. ఎక్కడిదో పట్టుకోవడానికి ఒక ఉపాయం: గుండె కుడి అంచు చెరిగిపోతే మధ్య లోబ్, ఎడమ అంచు చెరిగిపోతే లింగులా, డయాఫ్రమ్ గీత చెరిగిపోతే కింది లోబ్.

కుడి ఎడమలంటారా, ఎక్స్‌రే అంటే రోగి మీకెదురుగా నిలబడ్డట్టు. అతని కుడి మీ ఎడమ.

ఊపిరితిత్తికి నొప్పి తెలియదంటారు. మరి గట్టిగా పీలిస్తే పక్కలో పోటెందుకు?

ఊపిరితిత్తికీ, దాన్ని అంటుకున్న పొరకీ మనకి తెలిసే నొప్పి లేదు. గోడ పొరకి ఉంది, బాగా ఉంది. అది వాచినప్పుడు ఊపిరి పీల్చిన ప్రతిసారీ పొర రాసుకుని కత్తితో పొడిచినట్టుంటుంది. డయాఫ్రమ్ మధ్యభాగం మీది పొర వాస్తే నొప్పి భుజం మీద తెలుస్తుంది. దానికి వెళ్ళే ఫ్రెనిక్ నరం మెడలోని మూడు, నాలుగు, అయిదో నరాల నుంచి పుడుతుంది, భుజం చర్మానిదీ అదే మూలం. అంచుల మీద వాస్తే నొప్పి పొట్టలో చెప్తారు, అపెండిక్స్ అని భ్రమపడ్డ సందర్భాలున్నాయి.

మన ఇళ్ళల్లో ఇలాంటి పోటుని ‘వాయువు పట్టేసింది’ అని వాము నమిలిస్తారు. ఒకసారికి సరే. జ్వరమో ఆయాసమో తోడైతే, లేదా ఉన్నట్టుండి వచ్చి ఊపిరి అందకపోతే, వాము పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్ళండి.

మెడ మీద గాయమైతే ఊపిరితిత్తికి దెబ్బ తగులుతుందా?

తగలొచ్చు, పై కొన మెడలోనే ఉందని మొదట చెప్పాను కదా. కాలర్ బోన్ దగ్గర పెద్ద సిరకి గొట్టం వేసేటప్పుడు కూడా ఈ భయం ఉంటుంది. సూది ఊపిరితిత్తి పై కొనకి తగిలితే గాలి ప్లూరాలోకి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. అలాగే చనుమొన ఎత్తులో కత్తిపోటు పొట్టలోకి కూడా దిగొచ్చు. ఊపిరి వదిలినప్పుడు కుడి డయాఫ్రమ్ గోపురం నాలుగో సందు దాకా వచ్చేస్తుంది మరి.

అలా చేరిన గాలి ఒత్తిడి పెంచి ప్రాణం మీదికి తెస్తే వెంటనే సూది పెట్టాలి. మేం చదివినప్పుడు అది రెండో సందు, కాలర్ బోన్ మధ్య గీత మీద. 2018లో వచ్చిన ఏటీఎల్ఎస్ (గాయపడ్డవారి అత్యవసర చికిత్స మీద డాక్టర్లకిచ్చే శిక్షణ) పదో ఎడిషన్ నుంచి పెద్దవాళ్ళలో నాలుగు లేదా అయిదో సందు, చంక మధ్య గీతకి కాస్త ముందు అని మార్చారు. ముందువైపు ఛాతీ గోడ చాలామందిలో మందం, సూది అందదు. పిల్లల్లో పాత చోటే. వైవాలో రెండూ చెప్పి, ఏది ఎప్పుడో కూడా చెప్పండి.

పసిపిల్లల్లోనూ ఇవే గుర్తులా?

అంత కచ్చితంగా పనిచెయ్యవు. వాళ్ళ పక్కటెముకలు దాదాపు అడ్డంగా ఉంటాయి, మనకిలా వాలుగా కాదు. పైకి లేపి ఛాతీ పెంచుకునే వీలు తక్కువ, అందుకే పొట్టతో ఊపిరి తీస్తారు. గోడ మెత్తన గనక ఊపిరి కష్టమైతే ఛాతీ కింది భాగం లోపలికి పీక్కుపోతుంది. మన అమ్మమ్మలు ‘డొక్కలెగరేస్తున్నాడు’ అనేది దీన్నే, అది నూటికి నూరుపాళ్ళు సరైన పరిశీలన. నిమిషానికి ఊపిరి రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40, లేదా అంతకన్నా ఎక్కువైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది వేగం. నిద్రలోనో ఏడవకుండా ఉన్నప్పుడో నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి.

కేజీహెచ్ డౌన్ (కేజీహెచ్ ఆసుపత్రి దగ్గరి వాలు రోడ్డు) నుంచి పైకి నడిస్తేనే ఆయాసం. నా ఊపిరితిత్తులు చిన్నవా?

బహుశా కాదు. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల్లో సుమారు 6 లీటర్ల గాలి పడుతుంది, కూచున్నప్పుడు ఒక్కో ఊపిరికి వాడేది అర లీటరే. ఆరోగ్యవంతులకి చోటు బోలెడు మిగులు. మెట్టెక్కితే వచ్చే ఆయాసం చాలామందిలో అలవాటు తప్పిన కాళ్ళది, గుండెది. కానీ నిరుడు ఎక్కగలిగి ఈ ఏడు ఎక్కలేకపోతుంటే, కాళ్ళు వాస్తుంటే, రాత్రి ఆయాసంతో లేస్తుంటే చూపించుకోండి. ఇది గుర్తులు గీసి తేల్చే విషయం కాదు.

రుషికొండలో స్కూబా చేద్దామనుకుంటున్నాం. ఊపిరి బిగబట్టకూడదని ఎందుకంటారు?

10 మీటర్ల లోతులో పీడనం ఒడ్డు మీదకన్నా రెట్టింపు. అక్కడ సిలిండర్ నుంచి నిండా పీల్చి, బిగబట్టి పైకి వస్తే అదే గాలి రెట్టింపు చోటు అడుగుతుంది. ఛాతీ అంత పెరగదు, వాయుగోణులు చిట్లుతాయి. అందుకని పైకి వచ్చేటప్పుడు ఊపిరి ఆడుతూ ఉండాలి.

ట్రేలో ఊపిరితిత్తి పెట్టి కుడా ఎడమా అంటే?

ఫిషర్లు లెక్కపెట్టి చెప్పకండి. అడ్డ ఫిషర్ సగంలో ఆగిపోయినవి, అసలు లేనివి, ఎడమవైపు అదనంగా ఉన్నవి కూడా చూశాను. పరీక్షకులకి అలాంటివే ఇష్టం.

మొనదేలిన కొన పైకి, పల్చని అంచు ముందుకి, గుంటగా ఉన్న అడుగు కిందికి పెట్టుకోండి. లోపలివైపు నాళాలు దిగే చోటు చూడండి. వేళ్ళతో నొక్కితే గట్టిగా, మృదులాస్థితో ఉన్నది బ్రాంకస్ (గాలిగొట్టం కొమ్మ), అది వెనకవైపు ఉంటుంది. ముందూ కిందా ఉన్నవి సిరలు. అన్నిటికన్నా పైన ధమని ఒక్కటే ఉంటే ఎడమది. దానికన్నా పైన ఒక బ్రాంకస్ కొమ్మ కనిపిస్తే కుడిది. ఎడమదాని మీద బృహద్ధమని పడుకున్న పెద్ద గాడి కూడా ఉంటుంది, ఫార్మలిన్‌లో గట్టిపడ్డాక వేలు పెట్టి పాకించవచ్చు.

పక్కనున్న శరీరం ఎవరో ఒకరు మనకోసం ఇచ్చినది. ట్రే కిందికి పెట్టేటప్పుడు మెల్లగా పెట్టండి.

ఈ గీతలన్నీ ఒంటి మీద గీసి చదవాలంటే దేనితో గీయాలి?

స్కెచ్ పెన్ వద్దు, వైజాగ్ ఉక్కపోతకి పది నిమిషాల్లో కారిపోతుంది. పర్మనెంట్ మార్కర్ అసలే వద్దు, వారం దాకా పోదు. కనుబొమల పెన్సిల్ మంచిది, చెమటకి కాస్త నిలుస్తుంది. ఒకమ్మాయి తమ్ముణ్ణి కూచోబెట్టి 6-8-10 ఎర్రగా, 8-10-12 నల్లగా గీసుకుంటుంటే వాళ్ళ నాయనమ్మ వచ్చి ‘ఏటే, పిల్లడి ఒళ్ళంతా గీతలు గీసీసినావు’ అని కేకలేసిందట. కొబ్బరినూనె దూదితో తుడిస్తే రెండు రంగులూ పోతాయి.